రన్నింగ్ షూ చిల్లుకి రెక్సిన్ ముక్క వద్దు, సూదీ దారం చాలు

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: కుడి షూలో బొటనవేలు మీద జాలీ గుడ్డకి చిల్లు పడింది. చిటికెనవేలు పక్కన సోల్ అంచు వెంబడి చీలిక వచ్చింది. సోల్ మాత్రం బాగానే ఉంది. ఒంగోలులో చెప్పులు కుట్టే ఆయనకి చూపిస్తే పైన రెక్సిన్ ముక్క వేసి మిషన్ కొడతానన్నాడు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే ఈవెంట్స్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీస్ చేస్తున్నావు, ఇప్పుడు కొత్త జత కొనే డబ్బుల్లేవు, చేత్తో కుట్టుకుంటే నిలుస్తుందా అని అడిగావు. నిలుస్తుంది. రెక్సిన్ మాత్రం వేయించొద్దు.

నేను నెల్లూరులో ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మావాడు పొద్దున్నే ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియానికి పరుగుకి పోతాడు. వాడి షూ బాగుచేసి ఇచ్చాక వాడితో పరిగెత్తే పిల్లోళ్ళు కూడా వాళ్ళవి తెచ్చి మా గుమ్మంలో పెట్టిపోవడం మొదలుపెట్టారు. కొందరైతే ఉతక్కుండానే తెస్తారు, అదొక గోల. అట్టా చేతిలోకి వచ్చిన షూల మీద చూసిందే ఇక్కడ చెప్తున్నా.

సోల్ బాగుందన్నావు గానీ ఇంకోసారి తిరగేసి చూడు. అడుగున రబ్బరు అరిగిపోయి లోపలి ఫోమ్ నేలకి తగులుతున్నా, బల్ల మీద పెట్టి వెనక నుంచి చూస్తే మడమ ఒక పక్కకి ఒరిగి ఉన్నా, పైన ఎంత ముచ్చటగా కుట్టినా దండగే. దాన్ని బజారుకి పోవడానికి ఉంచుకో, పరుగుకి వద్దు. రన్నింగ్ షూకి 500 నుంచి 800 కిలోమీటర్ల ఆయుష్షు అని మామూలుగా చెప్పే లెక్క. రోజుకి 5 కిలోమీటర్లు, వారానికి ఐదు రోజులు పరిగెత్తేవాడికి 24 వారాల్లో 600 కిలోమీటర్లు అయిపోతాయి. నీ షూ ఎన్నాళ్ళదో నువ్వే లెక్క వేసుకో.

రెక్సిన్ ఎందుకొద్దంటే, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా షూ వేళ్ళ మొదట్లో వంగుతుంది. జాలీ గుడ్డ పల్చటి పాలిస్టర్, దాంతోపాటు వంగుతుంది. రెక్సిన్ అంత సులువుగా వంగదు. అది వంగకపోతే ఆ లాగుడంతా ముక్క అంచు దగ్గరికి చేరుతుంది. అక్కడ మిషన్ సూది వరసగా పొడిచిన బొక్కలు ఉండనే ఉన్నాయి, ఆ వరస వెంబడే గుడ్డ తెగుతుంది. చిన్న చిల్లు పోయి పొడుగు చీలిక మిగులుతుంది. పైగా మన ఎండల్లో రెక్సిన్ కింద చెమట ఆరదు, వేలికి బొబ్బలు. ఫెవిక్విక్ రకం జిగుర్లదీ ఇదే కథ: ఎండితే గాజు పెంకులా గట్టిపడి, వంగినప్పుడు విరిగి వేలికి గుచ్చుకుంటాయి. ఆ జిగురు నూలు గుడ్డ మీద పడితే వేడి పుట్టి చురుక్కుమంటుంది కూడా, షూ కాలికి ఉండగా అస్సలు పూయొద్దు. లైటర్‌తో అంచులు కాల్చే పిల్లోళ్ళని చూశా. పాలిస్టర్ కరిగి పూసలు పూసలుగా గడ్డకడుతుంది, ఆ పూసే మళ్ళీ వేలిని గీరుతుంది.

కుట్టేముందు చిల్లు ఎట్టా పడిందో చూసుకో. చాలా జాలీ షూలకి రెండు పొరలుంటాయి, పైన జాలీ, లోపల మెత్తటి లైనింగ్. లోపలి పొర ముందు అరిగి చిల్లు బయటికి వచ్చిందంటే అది గోరు పనే, లేదంటే షూ పొట్టిది. ఇన్‌సోల్, అంటే షూ లోపల పాదం కింద ఉండే మెత్తటి అట్ట, బయటికి తీసి దాని మీద నిలబడు. బొటనవేలికి ముందు అడ్డంగా ఒక వేలు పట్టేంత జాగా లేకపోతే నువ్వు ఎన్నిసార్లు కుట్టినా అక్కడే తెగుతుంది. జాగా ఉందంటే గోరు కత్తిరించుకో, చాలు. అట్టా కాకుండా లైనింగ్ బాగుండి పైజాలీ మాత్రం చినిగి ఉంటే బయట ఏదో పట్టి లాగింది. మన ప్రకాశం, నెల్లూరు వైపు కాలవ గట్ల మీద పరిగెత్తేవాళ్ళకి చిల్లచెట్ల ముళ్ళు, పల్లేరు కాయలు మామూలే. ముల్లు దిగితే పట్టుకు లాగొద్దు, గుచ్చుకున్న దారిలోనే మెల్లగా వెనక్కి తియ్యి.

దారం సంగతి. నూలు దారం చెమటకి, తడికి తొందరగా పుచ్చిపోతుంది, వద్దు. టైలర్ వాడే మామూలు పాలిస్టర్ దారం బొటనవేలు చిల్లుకి సరిపోతుంది. పక్క చీలికకి బ్యాగులు రిపేరు చేసేవాళ్ళ దగ్గర సన్న నైలాన్ దారం అడిగి తెచ్చుకో, కాస్త మైనం రుద్దితే చిక్కుపడదు. మైపాడు నుంచి వచ్చే పిల్లోడొకడు గాలానికి కట్టే నైలాన్ తీగతో కుట్టమని తెచ్చాడు. తెగదు, నిజమే. కానీ అది బిరుసు, ముడి జారుతుంది, జాలీనే కోసేస్తుంది. సూది సన్నదే వాడు, గోనె సంచులు కుట్టే దబ్బనం జోలికి పోవద్దు. షూ ముందు భాగంలో చెయ్యి పట్టదు కాబట్టి వంకర సూది ఉంటే హాయి. దొరక్కపోతే మామూలు సూదిని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి పట్టకారుతో మెల్లగా వంచు. కాల్చకుండా వంచితే పుటుక్కున విరుగుతుంది, కళ్ళు జాగ్రత్త.

ఇప్పుడు అసలు పని. లేసు తీసెయ్, ఇన్‌సోల్ తీసెయ్. షూని సబ్బునీళ్ళతో కడిగి నీడన బాగా ఆరనియ్యి, దుమ్మున్న గుడ్డలో దారం త్వరగా కోసుకుపోతుంది. ముందు భాగంలోకి చిన్న రబ్బరు బంతి దూర్చు. లేకపోతే పేపరు ఉండచుట్టి గట్టిగా కుక్కు. గుడ్డ కాలు లోపలున్నప్పుడు ఎంత బిగువుగా ఉంటుందో అంతే ఉండాలి, అంతకన్నా వదులుగా పెట్టుకుని కుడితే తొడిగాక కుట్టు లాగేస్తుంది.

మా పుట్టిల్లు కోవూరు దగ్గర పాటూరు, మగ్గాల ఊరు. చిల్లు పూడ్చడమంటే అక్కడ చీర నేసే పద్ధతే, పడుగూ పేకా. ముందు పడుగు. చిల్లుకి ఒక సెంటీమీటరు అవతల, బాగున్న జాలీలో మొదలుపెట్టు. ముడి వెయ్యొద్దు, కొస మూడంగుళాలు వదిలెయ్యి. చిన్న చిన్న కుట్లతో చిల్లు దాకా వచ్చి, చిల్లు మీదుగా దారాన్ని నేరుగా అవతలి ఒడ్డుకి తీసుకుపోయి, అక్కడా ఒక సెంటీమీటరు కుట్టి వెనక్కి తిరుగు. ఇట్టా పక్కపక్కనే వరసలు. తిరిగే చోట చిన్న మెలిక వదులు, బిగిస్తే గుడ్డ ముడతపడుతుంది. చిల్లంతా నిలువు దారాలతో నిండాక అడ్డంగా పేక వెయ్యి: ఒక దారం పైనుంచి, ఇంకోదాని కిందనుంచి. తర్వాతి వరసలో దానికి తిరగేసి, పైనుంచి పోయిన చోట కిందనుంచి. ప్రతి వరసనీ సూది మొనతో ముందు వరస దగ్గరికి జరుపు, గోరు దూరే సందు ఉండకూడదు. చివరికి రెండు కొసల్నీ కుట్ల కిందుగా దూర్చి కత్తిరించు. బొటనవేలు మీద ముడి ఉంటే నాలుగు రౌండ్లు తిరిగేసరికి నీకే తెలుస్తుంది.

దీనికి చెయ్యి లోపల పెట్టనక్కర్లేదు, సూది దిగడం ఎక్కడం అంతా బయటి నుంచే. మొదటిసారి తీరిగ్గా కూర్చో, కరెంటు లైటు కన్నా పగటి వెలుగు మేలు.

చిల్లు అర్ధరూపాయి బిళ్ళ కన్నా పెద్దదైతే అచ్చంగా దారం మీద ఆధారపడకు. లోపలి వైపు ఒక ముక్క కావాలి. పాత స్కూలు బ్యాగుకి నీళ్ళ సీసా పెట్టుకునే జాలీ జేబు ఉంటుందే, అది భేషైన సరుకు. చిల్లు కన్నా అన్నివైపులా ఒక సెంటీమీటరు పెద్దగా, మూలల్లేకుండా గుండ్రంగా కత్తిరించు, మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది. కచ్చా కుట్టుతో నిలబెట్టి, దాని మీద ఇందాక చెప్పిన నేతపని చెయ్యి. అయ్యాక కచ్చా కుట్టు లాగెయ్.

నీ రెండో చీలిక, చిటికెనవేలు పక్కది, దీనికన్నా కష్టం. అక్కడ కింది అంచులో కుట్టడానికి గుడ్డే ఉండదు, సోల్ అతుకు లోపలికి పోయి ఉంటుంది. చెప్పులు కుట్టేవాళ్ళు ఆరెతో, అదే తోలుకి బొక్క పొడిచే పనిముట్టుతో, ఫోమ్‌లోకి పొడిచి కుడతారు. తోలు చెప్పుకి అది మంచి పద్ధతే, మెత్తటి ఫోమ్‌ని మాత్రం దారం కోసేస్తుంది. నేను చేసేది వేరు. ఇన్‌సోల్ ఎత్తితే కింద గుడ్డ అడుగు కనబడుతుంది, చాలా షూల్లో పైభాగాన్ని దానికి కలిపి కుట్టిన కుట్టు చుట్టూతా ఉంటుంది. జాలీ ముక్క పొడుగ్గా కత్తిరించి, కింది అంచు ఆ అడుగు మీదికి ఒక సెంటీమీటరు వచ్చేట్టు మడిచి, ఆ పాత కుట్టు పక్కనే చేత్తో కుట్టెయ్. పై అంచుని చీలికకి పైన, బాగున్న జాలీకి హెమ్మింగ్ చెయ్యి. అప్పుడు బరువంతా లోపలి ముక్క మొయ్యాలి. ఆ తర్వాత బయట చీలిక పై అంచుకి కాజా కుట్టు వేసి లోపలి ముక్కకి పట్టించు, ఇంక పీచులు లేవవు. ఇన్‌సోల్ తిరిగి పెడితే కింది కుట్టు కాలికి తెలియదు. చీలిక ఒక్క వైపే పదేపదే వస్తుంటే నీ పాదం ఆ షూ కన్నా వెడల్పు. ముందు రెండు కన్నాలకి లేసు ఎక్కించకుండా వదిలేసి చూడు, కాస్త సర్దుకుంటుంది.

నువ్వు అడగలేదు గానీ మడమ లోపల కూడా ఒకసారి వేలు పెట్టి చూడు. లేసు విప్పకుండా కాలు దూర్చే అలవాటున్నవాళ్ళకి అక్కడ లైనింగ్ అరిగి స్పాంజి బయటపడుతుంది. పాత ట్రాక్ ప్యాంటు సాగే గుడ్డ ముక్క అంచులు మడిచి హెమ్మింగ్ చేస్తే సరి. టీషర్టు గుడ్డ వద్దు, తడి పట్టుకుని వదలదు. లోపలి ప్లాస్టిక్ డిప్ప విరిగి పొడుచుకొస్తుంటే మాత్రం ఆ షూతో పరిగెత్తొద్దు, మడమ కోసుకుపోతుంది.

2012లో నైకీ ఫ్లైనిట్ తెచ్చినప్పటి నుంచి స్వెటర్ మాదిరి అల్లిన షూలు ఎక్కువయ్యాయి. అట్టాంటి దాంట్లో ఒక్క పోగు తెగినా చిల్లు పాకుతూ పోవచ్చు కాబట్టి ఆరోజే కుట్టెయ్యాలి. ముందు విడిపోయిన అల్లిక మెలికల్ని సూదితో పట్టి దారం ఎక్కించి ఆపు, తర్వాత నేతపని.

కుట్టిన షూని రోజూ ఉతకొద్దు, మిషన్లో అసలే వద్దు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండలో డాబా మీద ఆరేస్తే ఫోమ్ ముడుచుకుంటుంది, సోల్ జిగురు వదులుతుంది. మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, అప్పుడు తడిస్తే ఓ పట్టాన ఆరవు. లోపల పేపర్లు కుక్కి, నానినప్పుడల్లా మారుస్తూ ఫ్యాను కింద పెట్టు.

కుట్టిన మర్నాడే స్పీడుగా పరిగెత్తకు. మెల్లగా ఒకటి రెండు రోజులు తిరిగి, ఎక్కడన్నా గీరుతుందేమో చూసుకుని అప్పుడు టైమ్ పెట్టుకో. అసలు ఈవెంట్ రోజున అప్పుడే కుట్టిన షూ తొడగొద్దు, నెలముందే ఈ పని ముగించెయ్.

సోల్ ఊడితే అది సూది పని కాదు, చెప్పులు కుట్టే ఆయన దగ్గరికే పో. రెండు వైపులా పాత జిగురు గీకించు, రబ్బరు సొల్యూషన్ రెండు వైపులా పూయించు, చేతికి అంటనంతగా ఆరాకే అతికించి గట్టిగా నొక్కమను. తడి మీదే అతికించి ఇచ్చేస్తానంటే వేరే ఆయన్ని వెతుక్కో.