మా వీధి హోటల్‌పైన బార్ వస్తోంది, ఆపగలమా?

ప్రశ్న: మాది అమలాపురం. మా వీధిలోని హోటల్ పై అంతస్తులో బార్ పెడుతున్నారు. పట్టణంలో ఉన్నవి చాలవా అని అందరం సంతకాలు చేసి మున్సిపాలిటీకి అర్జీ ఇస్తే, మా చేతిలో లేదన్నారు. దగ్గర్లోనే రామాలయం, హైస్కూలు, 216 హైవే ఉన్నాయి. కోర్టుకెళ్తే ఆగుతుందా?

జవాబు: లైసెన్సు మున్సిపాలిటీ ఇచ్చేది కాదు, ఎక్సైజ్ శాఖది. పట్టణానికి ఎన్ని బార్లన్నది ప్రభుత్వ విధానం. 2025 సెప్టెంబరు 1న మొదలైన మూడేళ్ల బార్ పాలసీ ప్రకారం లాటరీ తీసి కేటాయిస్తున్నారు. ‘ఇన్ని ఎందుకు’ అని అడిగితే కోర్టు సాధారణంగా జోక్యం చేసుకోదు. ‘ఇక్కడెందుకు’ అని అడగండి, వింటుంది.

హైవే వాదన వదిలేయండి. హైవేకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదన్న నిషేధం మున్సిపల్ పరిధిలోని లైసెన్సులకు అడ్డు కాదని 2017 జులైలో సుప్రీంకోర్టే స్పష్టం చేసింది.

మీ బలమంతా బడి, గుడి దగ్గరుంది. వాటికి 100 మీటర్ల లోపు బార్ ఉండకూడదు. ఈ కొలత గాల్లో గీత గీసి తీసేది కాదు. బార్ గుమ్మం మధ్య నుంచి, మనుషులు మామూలుగా నడిచే దగ్గరి దారి వెంట, స్కూలు గేటు మధ్య వరకు టేపు పట్టాలి. ప్రహరీ లేకపోతే లోపలి గుమ్మం దాకా కొలుస్తారు. అందుకే మేడ మీంచి చూస్తే పక్కనే కనిపించే బడి, వీధి చుట్టి వెళ్తే 100 మీటర్లు దాటిపోవచ్చు. స్కూలుకు ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. రామాలయం దేవాదాయ శాఖలో నమోదై ఉండాలి. కోనసీమలో ఊరంతా చందాలేసుకుని కట్టుకున్న వీధి రామాలయాలు ఎన్నో ఆ రిజిస్టరులో ఉండవు. ఎంత భక్తితో కొలిచినా ఈ లెక్కలోకి రావు. నాకది బాధగానే ఉంటుంది, కానీ ముందే తెలుసుకోవడం మీకు మేలు.

స్కూలు గుర్తింపు పత్రం నకలు, కొలత ఫోటోలు జతచేసి జిల్లా ప్రొహిబిషన్, ఎక్సైజ్ అధికారికి కొత్త అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. స్థలం తనిఖీ నివేదిక సమాచార హక్కు చట్టం కింద అడగండి. పై అంతస్తు ప్లాన్ నివాసానికని తీసుకున్నదైతే మాత్రం మున్సిపాలిటీ తప్పించుకోలేదు, దానిమీద వేరే ఫిర్యాదు ఇవ్వండి.

ఆలస్యం చేయకండి. 50 వేల జనాభా దాటిన మీలాంటి పట్టణంలో ఏడాది ఫీజే 55 లక్షలు. అంత కట్టి తెరిచాక కదిలించడం చాలా కష్టం. అధికారి పట్టించుకోకపోతే ఆ రసీదుతోనే రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టులో ఖోడే డిస్టిలరీస్ కేసులో 1994లోనే తేలింది కాబట్టి, దూరం తక్కువని రుజువైతే హోటల్ యజమాని ‘నా వ్యాపారం నా హక్కు’ అంటూ నిలబడలేరు.