ఐరిష్ సంగీత బృందం క్లానాడ్ నిజంగా ఒకే కుటుంబమా? వాళ్లు పాడింది అచ్చమైన ఐరిష్ జానపదమేనా?

కుటుంబమే. 1970లో ఐర్లండ్ వాయవ్య మూలన, డోనిగాల్ కౌంటీలోని గ్వీడోర్‌లో మొదలైంది. మోయా, కీరన్, పోల్ బ్రెన్నన్‌లు తోబుట్టువులు. నోయెల్, పాడ్రిగ్ డగ్గన్‌లు కవలలు, ఈ ముగ్గురికీ మేనమామలు. మేనమామలంటే పెద్దవాళ్లనుకునేరు, వయసులో తేడా కొన్నేళ్లే. బ్రెన్నన్‌ల తండ్రి లియో బ్యాండ్ నడిపిన మనిషి, తల్లి సంగీతం టీచర్. పాటలు కట్టి వినిపించడానికి తండ్రి నడిపిన పబ్బే వేదిక.

ఇక జానపదం సంగతి. గ్వీడోర్‌లో ఇంటి భాష ఐరిషే. అక్కడి పాత పద్ధతిలో ఒక్కరే, పక్కవాద్యం ఏదీ లేకుండా, గమకాలతో పాడతారు. వీళ్లు అవే పాటల్ని తీసుకుని కింద డబుల్ బాస్, పక్కన హార్ప్, ఫ్లూట్, గిటార్లు పెట్టి, పైన గొంతులు కలిపారు. కాబట్టి పాట పాతది, కూర్పు కొత్తది. ఛాందసులకు నచ్చకపోవచ్చు గానీ, నాకైతే 1970ల ఆల్బమ్‌లే వీళ్ల అసలు సత్తా అనిపిస్తుంది.

1982లో 'హ్యారీస్ గేమ్' అనే టీవీ సీరియల్‌కి చేసిన పాటతో దారి మారింది. సింథసైజర్ మీద గొంతుల్ని పొరలుపొరలుగా రికార్డు చేశారు. ఐరిష్‌లో పాడినా బ్రిటన్ చార్టుల్లో 5వ స్థానానికి వెళ్లింది. ఆ తర్వాతి పాటల్ని జానపదం అనడం కష్టమే.

అన్నట్టు, గాయని ఎన్యా ఈ బ్రెన్నన్‌ల చెల్లెలే. 1980 నుంచి రెండేళ్లు వీళ్లతో ఉండి, ఆ పాటకు ముందే సొంత దారి చూసుకుంది.