లక్క కాచబోయే బుజ్జికి

చి. బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరాల కవర్ల మీద ముద్ర వేసే లక్క నువ్వే తయారుచేస్తావని మీ నాన్న చెప్పగానే పొంగిపోయాను. మరుక్షణమే, ఏ పొయ్యి మీద కాస్తావోనని గుండె దడదడలాడింది.

పాత కొలత ఇది: 7 పాళ్ల లక్క, 4 పాళ్ల వెనిస్ టర్పెంటైన్, 3 పాళ్ల ఇంగిలీకం అనే ఎర్ర రంగు పొడి. ఇంగిలీకంలో ఉండేది పాదరసం, దాన్ని ఇంట్లోకే తేకు. ఎర్రటి ఐరన్ ఆక్సైడ్ చాలు. ఒట్టి లక్క గాజులా పగులుతుంది. దాన్ని వంగేలా చేసేది టర్పెంటైనే.

నేను బోల్తా పడింది సరిగ్గా అక్కడే. సీసా మీద టర్పెంటైన్ అని ఉంటే చాలనుకున్నాను. వెనిస్ టర్పెంటైన్ లార్చ్ చెట్టు బంక, తేనెలా సాగుతుంది. నేను తెచ్చింది రంగులు పలచన చేసే నూనె, నీళ్లలా ఉంటుంది. పొయ్యి మీదున్న లక్కలో గుమ్మరించాను. ఆవిరి అంటుకుని మంట గిన్నెలోకి ఎగబాకింది. మూత పడేసి ఆర్పాను కానీ కనుబొమలు దక్కలేదు. కాటుకతో గీయనా అని మీ పెద్దమ్మ నెలంతా ఆటపట్టించింది.

అప్పటికైనా బుద్ధి రావాలా? మర్నాడు గిన్నె దించి, దూరంగా పెట్టి, అదే నూనె కలిపాను. ముద్ర తోలు ముక్కలా వంగింది. మురిసిపోయి ఉత్తరాలన్నింటికీ వేశాను. నూనె ఎగిరిపోయే సరుకని తట్టనే లేదు. నెల తిరిగాక ఒక కవరు చేతిలోకి తీసుకుంటే ముద్ర పెళ్లలుగా ఒళ్లో రాలింది. కాగితం మీద గుండ్రటి ఎర్ర మరక మిగిలింది.

అందుకే వేసిన రోజే వంచి చూసి సంబరపడకు. కాగితపు పట్టీల మీద పోసి, కొలతా తేదీ రాసి, నెల తర్వాత వంచు. విరిగితే బంక కొద్దిగా పెంచు, వేలికి అంటితే తగ్గించు. తేనెమైనం కాస్త వేసినా మెత్తబడుతుంది, మితిమీరితే మెరుపూ పట్టూ రెండూ పోతాయి. లక్కను గంటల తరబడి కాచావో, రబ్బరు ముద్దవుతుంది, ఇక కరగదు.

మంట పొయ్యి మాత్రం వద్దు, విద్యుత్ పొయ్యి సన్న వేడిలో పెట్టుకో. బంక కలిపేటప్పుడు గిన్నె దించు. మూత చేతికందేలా ఉంచు, అంటుకుంటే నీళ్లు పోయకు. జుట్టు ముడి వేసుకో. కొవ్వొత్తి ఊదబోయి జడ కొస కాల్చుకున్నదానివి, నాకు గుర్తుంది.

మొదటి ముద్ర వంకరగా వచ్చినా నాకే పంపు. కవరు విప్పను, వారానికోసారి వంచి చూస్తాను.

మీ పెదనాన్న