టెక్ సందేహాలు: ఆటలో ఆలస్యం ఎక్కడ పుడుతోంది?

ఈ వారం వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఇంటివాళ్లతో, స్నేహితులతో కలిసి ఆడుకోవడం గురించే. చాలామంది చివర్లో 'నెట్ ప్లాన్ పెంచమంటారా?' అని కూడా అడిగారు. తొందరపడకండి. ఆటలకు ఎంబీపీఎస్‌ల (నెట్ వేగం) కంటే ఆలస్యం ముఖ్యం. అంటే బటన్ నొక్కాక తెర మీద కదలిక కనిపించడానికి పట్టే సమయం. అది ఎక్కడ పేరుకుంటోందో కనిపెడితే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండానే సరిచేసుకోవచ్చు.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో 43 అంగుళాల టీవీకి పెట్టి, రెండు కంట్రోలర్లతో పిల్లలు ఆడుతున్నారు. బటన్ నొక్కిన కాసేపటికి గానీ బొమ్మ గెంతడం లేదు. ల్యాప్‌టాప్ తెర మీద బాగానే ఉంది. టీవీ పాడైందా? (విజయవాడ)

టీవీ పాడవలేదు. సినిమా బాగా కనిపించాలని అది ప్రతి ఫ్రేమునూ కాసేపు తన దగ్గర ఉంచుకుని మెరుగులు దిద్దుతోంది. కదలికలను నునుపు చేయడం, నాయిస్ తగ్గించడం, రంగులు సవరించడం వంటివన్నీ కలిసి కొన్ని టీవీల్లో 100 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటాయి. గేమ్ మోడ్‌లో ఈ పనులు ఆగిపోతాయి కాబట్టి ఆలస్యం చాలా తగ్గుతుంది.

ముందు కొలిచి చూడండి. విండోస్ కీతో పాటు పి నొక్కి 'డూప్లికేట్' ఎంచుకోండి. బ్రౌజర్‌లో మిల్లీసెకన్లు చూపించే స్టాప్‌వాచ్ తెరిచి, రెండు తెరలూ పడేలా ఫోన్‌తో నాలుగైదు ఫొటోలు తీయండి. ల్యాప్‌టాప్‌లో 4.520, టీవీలో 4.430 ఉంటే టీవీ 90 మిల్లీసెకన్లు వెనకబడిందన్నమాట. ఫొటోకూ ఫొటోకూ కొంత తేడా వస్తుంది, సగటు చూసుకోండి.

తర్వాత గేమ్ మోడ్ ఆన్ చేయండి. శాంసంగ్‌లో ఇది సాధారణంగా 'జనరల్' కింద 'ఎక్స్‌టర్నల్ డివైస్ మేనేజర్'లో ఉంటుంది. కొత్త ఎల్‌జీ టీవీల్లో పిక్చర్ మోడ్‌లలోనే 'గేమ్ ఆప్టిమైజర్' అని కనిపిస్తుంది. చాలామంది పొరపడేది ఇక్కడే: ఎన్నో టీవీల్లో పిక్చర్ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడివిడిగా ఉంటుంది. సెట్‌టాప్ బాక్స్ చూస్తూ మార్చితే ల్యాప్‌టాప్ ఉన్న పోర్టుకు అది వర్తించకపోవచ్చు. ఆట తెర మీద ఉండగానే మార్చండి.

అప్పటికీ మందకొడిగా ఉంటే రిఫ్రెష్ రేటు (తెర మీది చిత్రం సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది, హెర్ట్జ్‌లలో) చూడండి. పాత ల్యాప్‌టాప్‌లలోని హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే చిత్రాన్ని సెకనుకు 30 ఫ్రేములకు మించి పంపలేదు. 4కేలో 60 కావాలంటే 2.0 ఉండాలి. అందుకే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1920 x 1080కి దించి 60 హెర్ట్జ్ పెట్టండి. ఆడుకోవడానికి ఇదే హాయి. కేబుల్ లేకుండా వైఫై మీద టీవీకి పంపి (కాస్ట్ చేసి) ఆడే ఆలోచన మాత్రం వద్దు. వీడియోను కుదించి, పంపి, మళ్లీ విప్పే ప్రతి దశా ఆలస్యాన్ని పెంచుతుంది. శబ్దం మాత్రమే వెనకబడుతుంటే కారణం బ్లూటూత్ స్పీకర్ కావచ్చు, దాన్ని తీసి టీవీ స్పీకర్లతో ఆడి చూడండి.

ఇక కంట్రోలర్లు. బ్లూటూత్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో. ల్యాప్‌టాప్ వైఫై కూడా అందులోనే ఉంటే రెండూ ఒకదానికొకటి అడ్డు తగులుతాయి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. బ్లూటూత్ డాంగిల్ (యూఎస్‌బీకి గుచ్చే చిన్న ముక్క) వాడుతుంటే యూఎస్‌బీ 3 పోర్టులో నేరుగా గుచ్చొద్దు. ఆ పోర్టు, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ సరిగ్గా ఆ బ్యాండులోనే రొద పుట్టిస్తాయి. డాంగిల్‌ను ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో సోఫా వైపు తీసుకురండి. వైరుతో ఆడేవారికి ఇంకో మాట: కొన్ని చార్జింగ్ కేబుళ్లలో డేటా తీగలు ఉండవు. కంట్రోలర్ చార్జ్ అవుతూ ఆటలో మాత్రం కనిపించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి.

ప్రశ్న: ఇద్దరు కలిసి ఒకే తెర మీద ఆడే గేమ్ స్టీమ్‌లో (కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) కొన్నాను. స్నేహితుడు బెంగళూరులో ఉన్నాడు. అతనూ కొనాలా? (వరంగల్)

అక్కర్లేదు. స్టీమ్‌లో 2019లో వచ్చిన 'రిమోట్ ప్లే టుగెదర్' ఉన్నది ఇందుకే. గేమ్ మీ కంప్యూటర్‌లోనే నడుస్తుంది. దాని వీడియో అతనికి వెళ్తుంది, అతని బటన్ల నొక్కుళ్లు మీకు వస్తాయి. స్టోర్ పేజీలో ఆ పేరుతో గుర్తు ఉన్న గేములకే ఇది పనిచేస్తుంది.

గేమ్ మొదలుపెట్టి షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే ఆట మీదే స్టీమ్ ఓవర్‌లే తెరుచుకుంటుంది. ఫ్రెండ్స్ జాబితాలో అతని పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆహ్వానం పంపండి. అతనికి కంప్యూటర్ లేకపోయినా ఫరవాలేదు, ఫోన్‌లో స్టీమ్ లింక్ యాప్ ఉంటే లింకుతో చేరవచ్చు. అతని కంట్రోలర్ చేయాల్సిన పనిని మీది చేస్తుంటే అదే ఓవర్‌లేలో ఎవరికి ఏ కంట్రోలర్ అన్నది సరిచేయండి. కీబోర్డు, మౌస్ అనుమతి అవసరమైతేనే ఇవ్వండి.

ఇక్కడ బరువంతా మీ అప్‌లోడ్ మీద పడుతుంది, అతని డౌన్‌లోడ్ మీద కాదు. అంతకంటే ముఖ్యం నిలకడ. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు మీ రౌటర్‌కే పింగ్ చేయండి, అంటే చిన్న సందేశం పోయి రావడానికి పట్టే సమయం కొలవండి: ping అని రాసి, పక్కన రౌటర్ అడ్రసు (చాలా ఇళ్లలో 192.168.1.1 లేదా 192.168.0.1) ఇవ్వండి. వైరు మీద 1 మిల్లీసెకను వస్తుంది. వైఫై మీద 3, 70, 5, 110 అంటూ ఎగిరెగిరి పడుతుంటే తప్పు నెట్ కంపెనీది కాదు, మీ హాల్లో వైఫైది. ల్యాన్ కేబుల్ పెట్టండి. కుదరకపోతే రౌటర్ ఉన్న గదిలోకి మారి 5 గిగాహెర్ట్జ్ వాడండి. చిత్రం పగులుతుంటే రిమోట్ ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ 720కి తగ్గించండి. చిత్రం కాస్త మసకబారినా బటన్ సమయానికి పలకడమే మేలు.

ప్రశ్న: అమ్మాయి కాలిఫోర్నియాలో ఉంటుంది. మేం 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా తనతో రేసింగ్ గేమ్ సరిగ్గా సాగడం లేదు. తన చిన్నప్పుడు అమ్మమ్మతో ఆడిన అష్టాచెమ్మా అయినా ఆడించాలని ఉంది. (తెనాలి)

ప్లాన్ 1000కి పెంచినా రేసింగ్ మారదు. ఫైబర్ తీగలో వెలుతురు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కడి నుంచి కాలిఫోర్నియా 13 వేల కిలోమీటర్లకు పైనే. తీగ తిన్నగా ఉందనుకున్నా పోయి రావడానికే 130 మిల్లీసెకన్లు దాటుతుంది. అసలు తీగలు చుట్టు తిరిగి వెళ్తాయి కనుక పింగ్ 200 దాటడం మామూలే. అంత దూరానికి వంతులవారీ ఆటలే సరైనవి, వాటిలో అర సెకను ఆలస్యమైనా తెలియదు.

చదరంగం ఇష్టమైతే లీచెస్ అనే వెబ్‌సైట్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు లేవు. ఇద్దరూ ఖాతాలు తెరిచి 'కరెస్పాండెన్స్' ఎంచుకుని ఎత్తుకు 3 రోజులు పెట్టుకోండి. మీ పొద్దుట ఒక ఎత్తు, తన పొద్దుట ఒక ఎత్తు. ఇద్దరికీ ఖాళీ ఉన్న ఆదివారం 15+10 గడియారంతో ఆడండి (ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 10 సెకన్లు అదనం). కార్కసాన్ లాంటి బోర్డు ఆటలకు బోర్డ్ గేమ్ అరీనా వెబ్‌సైట్‌లోనూ ఇలాంటి వంతులవారీ పద్ధతి ఉంది.

అష్టాచెమ్మాకు యాప్ కంటే వీడియో కాలే బాగుంటుందని నా గట్టి అభిప్రాయం. అమ్మమ్మ చేతికి గవ్వలు కావాలి, గాజు తెర కాదు. పటం ఒక్కచోటే, పెద్దావిడ దగ్గర గీయండి. రెండు చోట్లా పటాలు పెడితే పదో వంతుకల్లా కాయల లెక్క తప్పి వాదన మొదలవుతుంది. అమ్మాయి గవ్వలు నాలుగూ తన దగ్గరే కెమెరా ముందు వేస్తుంది, ఆమె కాయలను ఇక్కడివాళ్లు జరుపుతారు. అడ్డం గళ్లకు 1 నుంచి 5, నిలువు వరసలకు అ నుంచి ఉ దాకా పటం అంచున సుద్దతో రాయండి. అప్పుడు 'ఆ4లో కాయ జరుపు' అంటే సరిపోతుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మళ్లీ వేసే అవకాశం, వరసగా మూడుసార్లు పడితే ఏమిటన్నది ఇంటికొక తీరు కాబట్టి కాల్ మొదట్లోనే తేల్చుకోండి.

పటానికి ఒక పాత ఫోన్ కేటాయించండి. 30 సెంటీమీటర్ల పటమైతే ఫోన్ దానిపైన 45 నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తులో, వెనక కెమెరా కిందికి చూసేలా ఉండాలి. ట్రైపాడ్ లేకపోతే స్టూలు మీద ఫోన్‌ను అంచు దాటేలా పెట్టి, వెనక పుస్తకాల బరువు ఉంచండి. దీపం పక్క నుంచి రావాలి. నెత్తిన ఉంటే ఫోన్ నీడ పటం మీద పడుతుంది, నున్నటి గవ్వలు మెరిసి బోర్లాయో వెల్లకిలో తెలియదు. మాటలకు ఇంకో ఫోన్ ఉంటుంది కనుక పటం చూపే ఫోన్ మైకు, స్పీకరు రెండూ ఆపేయండి, లేకపోతే కూత పెడుతుంది. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో మూడో పరికరం చేరితే గంటకు కాల్ ఆగిపోతుంది. పంట దాకా (కాయలు నడిగడి చేరే దాకా) రావడానికి ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది కాబట్టి కాల్ తెగితే మళ్లీ కలుపుకునే లింకు ముందే పంపి ఉంచండి.

ప్రశ్న: పండక్కి ఊరెళ్తే సిగ్నల్ ఉండదు. నలుగురు పిల్లలు, నాలుగు ఫోన్లు. ఏం చేయాలి? (కరీంనగర్)

ఒక ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి మిగతావి కలపండి. లోకల్ నెట్‌వర్క్‌లో నడిచే ఆటలకు ఇంటర్నెట్ డేటా అక్కర్లేదు. మైన్‌క్రాఫ్ట్ ఫోన్ వెర్షన్ ఇలా నడుస్తుంది, వరల్డ్ సెట్టింగ్స్‌లో మన ఆటను ల్యాన్ (అదే హాట్‌స్పాట్‌లోని) ఆటగాళ్లకు కనిపించేలా చేసే స్విచ్ ఆన్‌లో ఉండాలి. నాలుగు ఫోన్లలోనూ ఒకే వెర్షన్ ఉండాలి. ఒకటి అప్‌డేట్ అయి మిగతావి కాకపోతే చేరలేరు, కాబట్టి ఊరు బయలుదేరే ముందే అన్నీ అప్‌డేట్ చేసి ఒకసారి తెరిచి చూడండి. వరల్డ్ కనిపించకపోతే హాట్‌స్పాట్ ఇచ్చే ఫోన్‌ను వదిలేసి వేరే ఫోన్‌లో వరల్డ్ తెరవండి. ఒక్కటే ఫోన్ ఉంటే లూడో కింగ్‌లో చేతులు మార్చుకుని ఆడే పద్ధతి నెట్ లేకుండా పనిచేస్తుంది.

ప్రశ్న: బంధువుల గ్రూపులో డబ్బులు పెట్టి రమ్మీ ఆడే యాప్ లింకు వచ్చింది. వేసుకోవచ్చా? (నెల్లూరు)

వద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అంతకుముందే నిషేధించాయి. ప్లే స్టోర్ బయటి నుంచి ఏపీకే ఫైలుగా వచ్చే యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి అడిగిందంటే ఓటీపీల మీద కన్నేసినట్టే. ఇప్పటికే వేసుకుని ఉంటే వెంటనే ఫోన్‌ను నెట్ నుంచి తప్పించి, యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.