పాత ఈజిప్టు సమాధుల్లో రంగులు వేసిన జంతువుల బొమ్మలు ఎందుకు పెట్టేవారు?

చనిపోయాక కూడా మనిషికి తిండి, ఆస్తి, రక్షణ కావాలని వాళ్లు గట్టిగా నమ్మేవారు. పిరమిడ్లకు చాలా ముందే, సుమారు క్రీ.పూ. 3500 నాటి ఎల్ అమ్రా అనే చోటి ఒక సమాధిలో, ఒకే పీఠం మీద పక్కపక్కనే నిలబడ్డ నాలుగు మట్టి పశువులు దొరికాయి. రంగు పూసిన ఆ బొమ్మ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. పశువులంటే సంపద, కాబట్టి ఇది అర్థం చేసుకోవడం తేలికే.

నీటిగుర్రం సంగతే నాకు మరీ ఆసక్తికరం. నైలులో పడవల్ని తిరగేసే, పంటల్ని తొక్కేసే జంతువు అది. అలాంటిదాన్ని సమాధిలోకి ఎందుకు తెచ్చారు? నది ప్రాణం పోస్తుంది కాబట్టి, అందులో ఉండే నీటిగుర్రం పునర్జన్మకూ గుర్తయింది. మేయిర్ అనే చోట సెన్బీ అనే అధికారి సమాధిలో దొరికిన నీలి నీటిగుర్రాన్ని చూడండి. ఇది మామూలు బంకమట్టి కాదు, క్వార్ట్జ్ పొడితో చేసి కాల్చిన ఫయాన్స్. సుమారు 20 సెంటీమీటర్ల పొడవున్న ఆ ఒంటినిండా తామరపూలు గీశారు. రాత్రి ముడుచుకుని పొద్దున్నే విచ్చుకునే తామర కూడా పునర్జన్మకు గుర్తే.

అయినా భయం పోలేదు. పరలోకంలో అది సమాధి యజమాని మీద పడకుండా కాళ్లు కావాలనే విరిచారని పండితుల అభిప్రాయం. 1917 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఈ బొమ్మకు ఇప్పుడు కనిపించే కాళ్లలో మూడు తర్వాత చేసి అతికించినవే.