హీలియోస్‌కి అడ్జస్టబుల్ ట్యూబ్: బరంపురం పట్టు నేతని దగ్గరగా తీసేటప్పుడు సగమే షార్ప్‌గా ఎందుకొస్తోంది

మీరు రాసినదాని ప్రకారం మీ దగ్గర ఉన్నవి: సోనీ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) బాడీ, లెన్స్‌ని దానికి తగిలించే 1 మి.మీ. పల్చటి రింగు, పొడవు 25 నుంచి 55 మి.మీ. దాకా మార్చుకోగల ఎం42 (పాత మర మౌంట్) అడ్జస్టబుల్ ట్యూబ్, పాతకాలపు 58 మి.మీ. లెన్స్ హీలియోస్ 44-2. తీసేది బరంపురం పట్టు చీర అంచులో కుంభాలు (గుడి శిఖరం లాంటి నేత బొమ్మలు). ట్యూబ్ ఎంత తిప్పినా ఫోకస్ నిలవడం లేదు, నిలిచినా ఫ్రేములో సగమే షార్ప్. సామాను సరైనదే, తేడా వాడే తీరులో ఉంది.

ముందు లెక్క. ఎం42 లెన్స్‌కి మౌంట్ నుంచి సెన్సర్ దాకా 45.46 మి.మీ. ఉండాలి. మీ సోనీ ఈ-మౌంట్‌లో 18 ఉంది, మిగిలిన 27.46 ట్యూబూ రింగూ కలిసి ఇవ్వాలి. మీ ట్యూబ్ పూర్తిగా మూస్తే 26, అంటే దూరంగా ఉన్నవాటి మీద కూడా ఫోకస్ దొరుకుతుంది. పూర్తిగా తెరిస్తే 56, అంటే 28.5 మి.మీ. అదనం. దాన్ని లెన్స్ ఫోకల్ లెంగ్త్ 58తో భాగిస్తే 0.49, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులో దాదాపు సగం. లెన్స్‌ని కూడా అర మీటరు గీతకి తిప్పితే ఇంకో 0.15 కలుస్తుంది. మొత్తం 0.64: ఫ్రేములో అడ్డంగా సుమారు 37 మి.మీ. చీర పడుతుంది. లెన్స్ మూతి చీరకి జానెడు దూరం లోపలికి రావాలి.

ఇంత దగ్గరలో ట్యూబ్ తిప్పితే ఫోకస్ కంటే బొమ్మ సైజే ఎక్కువ మారుతుంది. అందుకే వెంటపడుతున్నకొద్దీ జారిపోతుంది. ట్యూబ్‌తో సైజు ఖాయం చేసి వదిలేయండి, ఆ తర్వాత కెమెరానే ముందుకీ వెనక్కీ జరపండి. ట్రైపాడ్ మీద ఫోకసింగ్ రైల్ ఉంటే హాయి.

సగమే షార్ప్ రావడానికి కారణం కెమెరా చీరకి సమాంతరంగా లేక వాలి ఉండడం. ఎఫ్/8 (లెన్స్ రంధ్రం సైజు) దగ్గర షార్ప్‌గా దక్కే లోతు మిల్లీమీటరు పైచిలుకు, అంతే. చీరని అట్ట మీద బిగుతుగా పరిచి, మధ్యలో చిన్న అద్దం బిళ్ల పెట్టండి. లెన్స్ ఫోకస్ వెనక్కి తిప్పి, ట్యూబ్‌ని మెల్లగా మూస్తూ పోతే ఒక చోట అద్దంలో మీ లెన్సే కనిపిస్తుంది. ఆ గుండ్రం సరిగ్గా ఫ్రేము నడిమధ్యకి వచ్చేదాకా ట్రైపాడ్ తల సర్దండి. స్పిరిట్ లెవెల్ కంటే నాకు దీని మీదే నమ్మకం. తర్వాత అద్దం తీసేసి, ట్యూబ్ మళ్లీ తెరవండి.

44-2 ప్రీసెట్ లెన్స్, అంటే రంధ్రాన్ని చేత్తో మూసేందుకు వేరే రింగు ఉన్నది: ఎఫ్/2లో ఫోకస్ చేసి, రెండో రింగుతో 8కి మూసి, స్క్రీన్ పెద్దది చేసి మరోసారి చూడండి. 16కి పోకండి. ఈ సైజులో 8 అంటే నిజానికి 13, 16 అంటే 26. పోగుల అంచులు మెత్తబడిపోతాయి. వెలుతురు స్టాపున్నర తగ్గుతుంది, దాన్ని షట్టర్‌కి వదిలేయండి. మెనూలో లెన్స్ లేకుండా షట్టర్ పడే సెట్టింగ్ ఆన్, ట్రైపాడ్ మీద స్టెడీషాట్ (వణుకు తగ్గించేది) ఉంటే ఆఫ్, టైమర్ 2 సెకన్లు.

కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి, చీర మీదుగా బాగా ఏటవాలుగా రావాలి, అప్పుడే పేక పోగు లేచి కనబడుతుంది. జరీ మెరుపుకి పోలరైజర్ పెద్దగా పనిచేయదు, లోహం కదా. కిటికీకి ట్రేసింగ్ పేపర్ అతికించండి.

బొమ్మ నడుమ తెల్లటి మసక వస్తే ట్యూబ్ లోపలి గోడలు మెరుస్తున్నట్టు. లోపలివైపు నల్ల వెల్వెట్ కాగితం చుట్టండి, మర మీదికి రానీయకండి. ట్యూబ్ లెన్స్‌కి బిగుసుకుపోతే వేళ్లతో గట్టిగా నొక్కకూడదు, రింగు కోలగా వంగి ఇంకా పట్టేస్తుంది. రబ్బరు గ్లౌజులతో వదులుగా పట్టుకుని తిప్పండి.