తమ్ముడా, బయటి మనిషా?

ప్రశ్న: 15 ఏళ్లుగా నేనూ మావారూ బట్టల షాపు నడుపుతున్నాం. ఆయన ఆరోగ్యం బాగోక మేనేజర్‌ని పెట్టుకుందామనుకున్నాం. ఉద్యోగం లేక ఖాళీగా ఉన్న మా తమ్ముడికి ఇవ్వమని అమ్మ పోరు పెడుతోంది. మావారేమో పెద్ద షోరూమ్‌లో చేసినతన్ని చూశారు. బయటివాళ్ల చేతికి గల్లా అప్పగించాలంటే నాకు భయం. దీనివల్ల ఇద్దరి మధ్య మాటలే తగ్గిపోయాయి. ఏం చేయమంటారు?

జవాబు: తమ్ముడు ఖాళీగా ఉన్నాడని రాశారు గానీ, షాపులో ఏం చేయగలడో ఒక్క ముక్కా రాయలేదు. ఆరు నెలలయ్యాక పని నచ్చకపోతే అతన్ని మానెయ్యమనగలరా? అనలేరనుకుంటే పెట్టుకోవద్దు. పోనీ మేనేజర్ కింద ఏదో పనిలో పెడదామన్న రాజీ కూడా వద్దమ్మా. యజమానురాలి తమ్ముణ్ని ఏ మేనేజర్ మందలించగలడు?

ఇక గల్లా సంగతి. సొమ్ము గల్లాలోంచే పోవాలనేం లేదు, బిల్లుల్లోంచీ పోతుంది. కస్టమర్ వెళ్లాక బిల్లు క్యాన్సిల్ చేయడం, రాని సరుకు వాపసు వచ్చినట్టు రాయడం, తెలిసినవాళ్లకు అడక్కుండా డిస్కౌంటు ఇవ్వడం. కాబట్టి క్యాన్సిల్‌కీ, వాపసుకీ మీ అనుమతి తప్పనిసరి చేయండి. సరుకు ఆర్డర్ పెట్టేది ఒకరు, వచ్చాక బిల్లుతో సరిచూసేది మరొకరు, డబ్బు చెల్లించేది మీరు. వారానికోసారి, ముందు చెప్పకుండా, ఏదో ఒక ర్యాక్‌లో బట్టలు లెక్కపెట్టి కంప్యూటర్‌లోని స్టాక్‌తో పోల్చండి. మేనేజర్ ఎవరైనా సరే ఇవన్నీ ఉండాల్సిందే.

మీవారు చూసినతను అనుభవజ్ఞుడే కావచ్చు. కానీ పెద్ద షోరూమ్‌లో కొనుగోళ్లు ఒకరు, లెక్కలు ఒకరు చూస్తారు. మీ దగ్గర అన్నిటి మీదా కన్నేసి ఉంచాల్సింది అతనొక్కడే. సీజన్ దాటాక మిగిలిన సరుకుని ఏం చేశారో, ఇద్దరు సేల్స్‌వాళ్లు ఒకేరోజు రాకపోతే ఎలా నెట్టుకొచ్చారో అడగండి. చేసినవాళ్లు జరిగింది చెబుతారు, చేయనివాళ్లు ‘చూసుకుంటానండీ’ అంటారు. పాత యజమానితో మాట్లాడండి. జీతం, మానేసేముందు ఎన్నాళ్ల ముందు చెప్పాలో, మొదటి 3 నెలలు పరీక్షా కాలమనీ కాగితం మీద రాసుకోండి.

నాకు కనిపిస్తున్న అసలు చిక్కు వేరే ఉంది. ఆయన బయటి మనిషి పేరెత్తితే మీకు ‘మీవాడు పనికిరాడు’ అని వినపడింది. మీరు తమ్ముడి పేరెత్తితే ఆయనకు ‘ఇక షాపు మావాళ్లది’ అని వినపడి ఉంటుంది. ఒంట్లో బాగోని మనిషికి ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. ఈసారి ఎవరి పేరూ తీయకుండా కూర్చుని, తాళాలెవరి దగ్గరుండాలి, డిస్కౌంటు ఎంతవరకు ఇవ్వొచ్చు, సెలవులెవరు ఇవ్వాలి అన్నవి తేల్చుకోండి. మనిషిని ఆ తర్వాత చూద్దురు గాని.

అమ్మకు మాత్రం మీరే చెప్పాలి. ‘ఆయన వద్దన్నారు’ అనకండి, ‘మేమిద్దరం అనుకున్నాం’ అనండి.